రక్షకభటుని నడికట్టు

రక్షకభటుడు నడుమునకు బిగించుకొను బెల్టునుగూర్చి సంపాదకీయ మేల యని పాఠకులలో కొందఱు నవ్వవచ్చును. కాని యా పట్టెపై నొకవంక భటుని యారోగ్యమును, వేఱొకవంక పౌరుని ప్రాణమును ఆధారపడియున్నవి.

అమెరికా దేశమున భటుడు పిస్తోలు, తూటాలు, బేడీలు, వైర్‌లెస్సు, టార్చి, టేజరను విద్యుదాయుధము మున్నగునవి నడుమునకే తగిలించుకొనును. ఆ బరు వొక్కొకచో 10 కిలోలవఱకు నుండును. దినమెల్ల దానితో నిలుచుచు, కారులో కూరుచుండుచు నుండువానికి నడుమునొప్పి రాక మానునా? విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఓక్లేర్ నగరమున విశ్వవిద్యాలయమువారును మేయో వైద్యసంస్థవారును భటులను పరీక్షించి, సామగ్రిని ఱొమ్ముపై తొడుగు చేతులులేని యంగీకి మార్చినచో నడుము, తుంటి నొప్పులు తగ్గునని కనుగొనిరి. బరువును భుజమున కెత్తుకొనుట కావడి మోయువా డెఱిగిన సంగతియే.

ఇక ప్రాణముమాట. 2021 ఏప్రిల్ 11వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమందలి బ్రూక్లిన్ సెంటరులో, 26 ఏండ్ల యనుభవముగల యధికారిణి యొకతె, టేజరని కేకవేయుచునే పిస్తోలు ప్రేల్చి, డాంటే రైట్ అను 20 ఏండ్ల నల్లజాతి యువకుని చంపెను. పిస్తోలు కుడిప్రక్కను, టేజ రెడమప్రక్కను ఉండెను. ఒకటి నలుపు, వేఱొకటి పసుపు. అయినను తొందరలో చేయి పాత యలవాటు చొప్పుననే పోయెను. న్యాయస్థాన మామెను దోషిగా నిర్ణయించెను. 2009లో ఓక్లండు రైలుస్టేషనున ఆస్కార్ గ్రాంటును కాల్చిన భటుడు చెప్పుకొన్నదియు నిట్టి పొరపాటే. కావున అమరిక బాగుగ నున్నంతనే చాలదు. దానిని నిత్యాభ్యాసముచే చేతికి మప్పవలెను.

మన కానిస్టేబులుకు సాధారణముగా నింత సామగ్రి లేదు. ముందుముందు పెరుగక మానదని మా యభిప్రాయము. చేతి కందుబాటులో నున్నదెల్ల వాడదగినది కాదు. కారణము లేక ఖైదీకి బేడీలు వేయరాదని సుప్రీంకోర్టువారు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా వ్యాజ్యమున తీర్పు చెప్పియున్నారు.

న్యాయస్థానముల వాకిళ్ల ప్రొద్దస్తమానము నిలుచుండు భటులను మేము నిత్యము చూచుచున్నాము. వారి నడుమున నేమి కట్టవలెనో నిర్ణయించునపుడు ఆ భటులనే, అందును స్త్రీభటులను, ముందుగా నడుగుడని ప్రభుత్వములను కోరుచున్నాము. వైద్యుల సలహా గైకొనుడు. క్రొత్త యాయుధ మిచ్చునపుడు తగిన శిక్షణయు నిండు. అందులకగు వ్యయమునకు ప్రజలు వెనుదీయరు.