పేరు దగ్గరే ఆగుతున్న చదువు
తెలంగాణలో ఈపాస్ ద్వారా ఉపకార వేతనానికి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసే మన పిల్లలకు పేరే అడ్డంకి అవుతున్నది. పదో తరగతి మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మహమ్మద్’ అని ఉంటే అర్హత ఉన్నా దరఖాస్తు నిలిచిపోవచ్చు. గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల రూపాయల వార్షికాదాయం దాటని కుటుంబాలకు ఈ సాయం హక్కే గాని దయ కాదు.

మెమోను తరువాత సవరించుకోవడం ఎంత ప్రయాసో కార్యాలయాల్లో పనిచేసినవారికి తెలుసు. కనుక పాఠశాల నుండి నామినల్ రోల్స్ వెళ్ళకముందే తల్లిదండ్రులు పేరును ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడాలి. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో ముందుగానే దరఖాస్తు పెట్టాలి. మసీదు కమిటీలు జుమా నమాజు తరువాత ఒక గంట ఈ పనికి కేటాయించాలి. ‘ఎండీ’, ‘మహమ్మద్’ ఒకే పేరని ప్రభుత్వమూ గుర్తించి తగిన ఉత్తర్వులివ్వాలి.