మూత చాలదు, పూడ్చండి

2015 మే నెలలో ప్రపంచంలోని డేటా సెంటర్లను ఒక ఫ్లాపీ డ్రైవ్ భయపెట్టింది. అది నిజం ఫ్లాపీ కూడా కాదు, ఉత్తుత్తి ఫ్లాపీ. ఒకే సర్వర్‌ను చాలా కంప్యూటర్లుగా పంచి అద్దెకిచ్చే క్లౌడ్ వ్యాపారానికి ఆధారమైన క్యూఎము అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో, ఫ్లాపీని అనుకరించే కోడ్ ఉంది. అందులో 2004 నుంచి ఒక కన్నం ఉంది. అందులోంచి దూరితే ఒక అద్దెదారు తన గది దాటి ఇంటి యజమాని గదిలోకి, అక్కణ్ణుంచి మిగతా అద్దెదారుల గదుల్లోకి పోవచ్చు. ఫ్లాపీలు అటకెక్కిన ఆ కాలంలో, ‘వెనమ్’గా పేరుపడిన ఈ లోపం పదకొండేళ్లు ఎవరి కంటా పడలేదు. దారుణం ఏమిటంటే, ఫ్లాపీ మాకొద్దని సెట్టింగుల్లో ఆపేసుకున్నవారికీ రక్షణ లేకపోయింది. వేరే లోపం ఒకటి తోడవడంతో, ఆపేశాక కూడా ఆ కోడ్ కొన్నిచోట్ల మేలుకునే ఉంది.

ఎండిన బోరుబావి ఎంత ప్రమాదమో తెలుగు పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. పసిపిల్లలు పడిపోయిన ఘటనలు వరుసగా జరిగాక, 2010లో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలన్నది అందులో ఒకటి. పైన గోనెసంచి కప్పి, రాయి పెట్టి వెళ్లిపోతే కుదరదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో మాత్రం ఇప్పటికీ గోనెసంచులే కప్పుతున్నారు.

2021 డిసెంబరులో దానికి మూల్యం చెల్లించాం. లాగ్‌ఫోర్‌జే అంటే జావా ప్రోగ్రాముల్లో పద్దు రాసే గుమాస్తా. ఎవరొచ్చారు, ఏమడిగారు, ఎక్కడ తప్పు జరిగింది అన్నది రాసిపెట్టడమే దాని పని. 2013లో ఈ గుమాస్తాకు అదనంగా ఒక విద్య నేర్పారు. రాయాల్సిన మాటలో ఒక ప్రత్యేక గుర్తు కనబడితే, అది చూపే చిరునామాకు వెళ్లి వివరం తెచ్చుకోవడం. దాన్ని నమ్ముకున్న పాత వాడుకరులకు ఇబ్బంది కలగకూడదని ఆ సదుపాయాన్ని అలాగే ఉండనిచ్చారు. దాడి చేసేవాడు చాట్ పెట్టెలో తన సర్వర్ చిరునామా టైప్ చేస్తే చాలు, గుమాస్తా వెళ్లి వాడి ప్రోగ్రామును మోసుకొచ్చి నడిపేస్తాడని 2021 నవంబరులో అలీబాబా క్లౌడ్ భద్రతా బృందం లాగ్‌ఫోర్‌జేను నిర్వహించే అపాచీ సంస్థకు తెలిపింది. తీవ్రతలో దానికి పదికి పది పడ్డాయి. హడావిడిగా వచ్చిన 2.15.0 వెర్షన్ ఆ దారికి మూత పెట్టింది. కొద్దిరోజుల్లోనే మూత పక్కనుంచి సందు దొరికింది. దాంతో 2.16.0లో సందేశాల్లోంచి చిరునామాలు వెతికే కోడ్‌నే పీకేశారు. ఈ లోపం మరో పదేళ్లపాటో, ఇంకా ఎక్కువో వ్యవస్థల్లో మిగిలే ఉంటుందని 2022 జులైలో అమెరికా సైబర్ భద్రతా సమీక్షా మండలి హెచ్చరించింది. ఆ పదేళ్లు ఇంకా నిండలేదు.

ఇదంతా ఈ ప్రాజెక్టులను చూసుకునే మెయింటైనర్ల బద్ధకం అనుకుంటే పొరపాటు. చాలామంది ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు, ఆదివారాలు ఈ పని చేసేవాళ్లే. కొత్త సదుపాయం చేరిస్తే చప్పట్లు పడతాయి, పాతది తీస్తే తిట్లు పడతాయి. ‘ఎక్కడో ఎవరో వాడుతున్నారేమో’ అన్న ఒక్క అనుమానం వేల వరుసల కోడ్‌ను ఏళ్ల తరబడి కాపాడుతుంది. వాడేవాళ్లు తగ్గేకొద్దీ దాన్ని చదివేవాళ్లు, పరీక్షించేవాళ్లు కూడా తగ్గిపోతారు. దొంగకు మాత్రం కావలసిన తీరిక ఉంటుంది.

అలాగని రాత్రికి రాత్రి పీకేయడమూ ఆపదే. 2016 మార్చిలో ఒక డెవలపర్ పేరు విషయంలో తగవు వచ్చి, తన ప్యాకేజీలన్నీ జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భండారమైన ఎన్‌పీఎం నుంచి తొలగించాడు. వాటిలో లెఫ్ట్-ప్యాడ్ అనేది పదకొండు వరుసల ముక్క. దాని మీద తెలియకుండానే ఆధారపడ్డ వేలాది ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. గంటల వ్యవధిలో ఎన్‌పీఎం దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది.

పద్ధతిగా తొలగించడం ఎలాగో లినక్స్ కెర్నెల్ చూపింది. రైజర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను 2025లో తీసేస్తామని 2022లోనే చెప్పారు. దాదాపు మూడేళ్లు హెచ్చరికలు చూపించారు. చెప్పిన ఏడాదే, 6.13 వెర్షన్‌లో తీసేశారు. అంతకుముందు 2012లో 386 ప్రాసెసర్ కోడ్‌నూ సాగనంపారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ రాయడం మొదలుపెట్టింది ఆ ప్రాసెసర్ మీదే. పుట్టిల్లని మొహమాటపడలేదు.

మెయింటైనర్ గడువు పెట్టినా వాడుకరి కదలకపోతే ఫలితం లేదు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2కు మొదట 2015 గడువు పెట్టారు. జనం మారలేదని 2020 జనవరి 1 దాకా పొడిగించారు. ఆ ఏప్రిల్‌లో వచ్చిన 2.7.18తో దాని కథ ముగిసింది. ఆ తర్వాత బయటపడే ఏ లోపానికీ పైథాన్ బృందం మందు వేయదు. ‘తెలుగు’ అన్న మాట పొడవెంత అని మామూలుగా అడిగితే, అక్షరాలకు బదులు బైట్లు లెక్కపెట్టి 18 అని చెప్పే ఆ పాత వెర్షన్‌ను ఇంకా నడుపుతున్నవారు, కాపలా లేని ఇంట్లో ఉంటున్నట్టే.

కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సాఫ్ట్‌వేర్ నడిపే ప్రతి సంస్థా తన ప్రోగ్రాముల్లో ఉన్న లైబ్రరీల జాబితా రాసుకోవాలి. వాటిలో దాగున్న లైబ్రరీలనూ వదలొద్దు. ఈ జాబితా ఎలా ఉండాలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కోదాని పక్కన దాని మద్దతు ముగిసే తేదీ వేయండి. తేదీ దాటినవాటిని మార్చండి. అవసరం లేనివాటిని సెట్టింగులో ఆపి ఊరుకోకుండా, కామెంటులో పెట్టి దాచుకోకుండా, పూర్తిగా తీసేయండి. పోతుందన్న భయం అక్కర్లేదు, కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్ చరిత్రలో ప్రతి వరుసా భద్రంగా ఉంటుంది.

ప్రాజెక్టు నడిపేవారు తొలగింపు తేదీని ముందే ప్రకటించాలి, బదులుగా ఏది వాడాలో చెప్పాలి, ప్రోగ్రాము నడిచే ప్రతిసారీ హెచ్చరిక కనిపించేలా చేయాలి. తేదీ వచ్చాక మాత్రం మాట తప్పకూడదు. ఆ పనికి కావలసిన మనిషిని, డబ్బును ఇవ్వాల్సింది ఆ కోడ్‌తో లాభపడ్డ కంపెనీలు. ఇన్నేళ్లు నీళ్లు తోడుకున్నవాళ్లంతా బోరు పూడ్చే ఖర్చులో భాగస్తులే.