రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి రాయికల్ నుండి



మా జగిత్యాల జిల్లా రాయికల్ ప్రాంతమున, గల్ఫు దేశములలో కాయకష్టము చేయు మగవారు పంపు సొమ్మునకు ఇంట బీడీలు చుట్టు ఇల్లాలే కాపరి. పైసలు జమ యగునని నమ్మబలికిన వాని మాట విని ఆమె ఫోనులో పిన్ నొక్కినంతనే ఆ కష్టార్జితము పరహస్తగతమగుచున్నది. పైసలు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదని ఆమెకు ముందుగా చెప్పినవారెవరు?

ఖాతాదారు పొరపాటు వలన సొమ్ము పోయినను, బ్యాంకునకు తెలిపిన పిమ్మట జరుగు నష్టము బ్యాంకుదేనని 2017 జులై 6 నాటి మీ ఉత్తర్వు శాసించినది. దొంగలు సొమ్మును నిమిషములలో ఖాతా వెంట ఖాతా దాటింతురు గనుక, సైబరు నేరముల సహాయవాణి 1930కి తక్షణమే ఫోను చేయుటయే ప్రాణాధారము. అయినను, పాసుబుక్కు చేతబట్టి బ్యాంకునకు వచ్చిన నిరక్షరాస్యురాలిని అర్జీ వ్రాయించుకొని రమ్మని త్రిప్పిపంపుట ఎంత అన్యాయము!

అంకె తప్పి అన్యుల ఖాతాలో పడిన సొమ్ము గతి మరింత దుస్సహము. పుచ్చుకొన్నవాడు సమ్మతింపనిదే బ్యాంకు దానిని మరలింపజాలకున్నది. విచారణ ముగియువరకు ఆ మేరకు సొమ్మును ఆ ఖాతాలోనే నిలిపియుంచు నిబంధన చేయుడు. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును సైతము వేళతో సహా నమోదు చేసి, తెలుగున రసీదు ఇప్పింపుడు.

ఇట్లు,
రాయికల్ వాస్తవ్యుడొకడు