సరదా నడుముకెక్కితే

లక్నోలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఇంజనీరు ఆదివారం ఉదయం కాఫీ అయ్యాక బీరువా తెరుస్తారు. మెత్తటి గుడ్డలో చుట్టిన రివాల్వర్ బయటికి వస్తుంది. తాతగారి నుంచి వచ్చిన .32 బోరు వెబ్లీ. అందులో తూటాలు లేవని రెండుసార్లు చూసుకుంటారు. గొళ్లెం నొక్కగానే అది మధ్యకు విరిగినట్టు తెరుచుకుంటుంది. గొట్టంలో నూనె గుడ్డ తిప్పుతారు, సిలిండర్‌ను ఒక్కో గడి చొప్పున జరిపి ఆ చప్పుడు వింటారు. పాత గడియారాన్ని విప్పి చూసే మనిషి ముఖంలో ఉండే తన్మయత్వమే ఆయన ముఖంలోనూ కనిపిస్తుంది.

తుపాకీ సరదా అనగానే మనలో చాలామంది మొహం చిట్లిస్తారు. కానీ అందులో నిజానికి మూడు సరదాలున్నాయి. సేకరించడం, కాల్చడం, వెంట పెట్టుకు తిరగడం. తుపాకీ ప్రియులు ఈ మూడింటినీ ఒకే గాటన కడతారు. వారిని తిట్టేవారూ అదే పని చేస్తారు. చిత్రమేమంటే, మన చట్టం కూడా చాలావరకు ఆ దారినే పోయింది.

సేకరణ సంగతే చూడండి. 1980ల మధ్య నుంచి సామాన్య పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే వీల్లేదు. అందుకే పాత వెబ్లీలు చేతులు మారుతూ బతుకుతున్నాయి. 9 ఎంఎం వంటివి నిషిద్ధ బోరు. కాబట్టి ఔత్సాహికుడికి మిగిలింది ప్రధానంగా .32. కాన్పూర్ ఆయుధ కర్మాగారం దశాబ్దాలుగా చేస్తున్న .32 రివాల్వర్ కూడా వెబ్లీ పోలికలతో పుట్టిందే. మా ఇంజనీరు దగ్గర అదీ ఉంది. వాళ్ల నాన్నగారి జోడు గొట్టాల తుపాకీ కూడా ఉండేది. 2019 ఆయుధ చట్ట సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మొదటి బిల్లులో ఒక్కటే అన్నారు, నిరసనలు రావడంతో రెండు చేశారు. నాన్నగారి తుపాకీ డీలరు దుకాణానికి వెళ్లిపోయింది. పురాతన, అరుదైన చిన్న ఆయుధాలను లైసెన్సు లేకుండానే దాచుకోవచ్చని, వాడాలన్నా మోసుకెళ్లాలన్నా లైసెన్సు తప్పదని హోంశాఖ 2020లో నిబంధన మార్చింది. ఈ తేడా గుర్తించడం మంచి పనే, కానీ అది అందరికీ వర్తించేది కాదు.

రెండోది కాల్చే సరదా. ఇందులో హింసకు తావు లేదు, ఆవేశానికి అసలే లేదు. 25 మీటర్ల పిస్టల్ పోటీలో నిదానంగా కాల్చే దశలో పది పాయింట్లిచ్చే వృత్తం వ్యాసం 50 మిల్లీమీటర్లు. ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్‌ను లాగకుండా మెల్లగా నొక్కాలి. గుండె కాస్త వేగంగా కొట్టుకున్నా గురి చెదురుతుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ పోటీలోనే జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది. ఆమె చేతిలోనిది .22 బోరు.

అదే .22 మూడో సరదా చేతిలో పడితే? 1999 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఒక పార్టీలో మద్యం పోయనన్నందుకు జెసికా లాల్‌ను కాల్చి చంపారు. 2006లో హైకోర్టు దోషిగా తేల్చిన మను శర్మకు .22 బోరు బెరెట్టా పిస్టల్ లైసెన్సు ఉంది. ఆ పిస్టల్ పోలీసులకు దొరకనే లేదు. బీరువాలోనో, రేంజ్‌లోనో ఉండాల్సిన వస్తువు విందుకు రావడమే అక్కడి విషాదం.

తుపాకీ ప్రియుల వాదనలో బలం లేకపోలేదు. తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతోనే జరుగుతున్నాయని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలే చెబుతున్నాయి. ప్రజలను నిరాయుధులను చేసిన బ్రిటిష్ చట్టాన్ని గాంధీజీ 1918లో దుయ్యబట్టారనీ వారు గుర్తుచేస్తారు. ఆ మాట ఆయన సైన్యంలో చేరమని పిలుపునిస్తూ అన్నదని మాత్రం చెప్పరు. 2016 చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులుంటే, ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. అక్కడ చాలామందికి నడుముకున్న రివాల్వర్ రక్షణ కంటే హోదా. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చేది ఆ హోదాయే.

2019 సవరణ అలాంటి కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పెట్టింది. బాగుంది. కానీ అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. అంటే బీరువాలో ఎన్ని ఉన్నాయో లెక్క బిగించి, నడుముకున్నదాన్ని మళ్లీ పరిశీలించే గడువు సడలించారు. ఎంతమంది ప్రాణాలు తీయాలన్నా మనిషి ముందుగా మోసుకెళ్లాల్సింది ఒక్క తుపాకీయే కదా? సేకరణకు ఒక లైసెన్సు, క్రీడకు ఒకటి, వెంట పెట్టుకోవడానికి వేరొకటి ఉండాలి. చివరిది తీసుకునేవారు ఏటా శిక్షణ, పరీక్ష దాటాలి. అప్పుడు తండ్రి తుపాకీని వదులుకోవాల్సిన అవసరం మా ఇంజనీరుకు ఉండదు.

మొన్న ఆయనతో కలిసి ఒక పెళ్లికి వెళ్లాను. వరుడి బంధువుల్లో నలుగురి నడుములు ఉబ్బెత్తుగా ఉన్నాయి. ఇంజనీరు మాత్రం ఖాళీ చేతులతో వచ్చారు. తాతగారి వెబ్లీ బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది.