కంప్రెసరు పీకిన వీరులకో దండం

పాత స్పోర్ట్స్ కార్ల మీద మోజున్న మా మిత్రబృందంలో కొంతకాలంగా ఒక వ్రతం నడుస్తున్నది. కారు కొన్న మూడో వారానికల్లా బానెట్టెత్తి, ఏసీ కంప్రెసరును పీకి, గ్యారేజీలో ఓ మూలకు గిరాటు వేయడం ఆ వ్రతవిధానం. ఉద్యాపనగా దాన్ని త్రాసు మీద పెట్టి ఫోటో తీసుకుంటారు. "ఇన్ని కిలోలు తగ్గించాను" అని ప్రకటిస్తారు. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో నేను చేయి కలపలేను. ఎందుకు కలపలేనో వివరంగా చెబుదామనే ఈ టపా. కొందరు ఆప్తులు నొచ్చుకుంటారని తెలుసు. పూర్తిగా చదివిన తరువాతే నొచ్చుకోవలసిందిగా మనవి.

వాదం గాలిలో తేలిపోకుండా ఒక్క కారునే తీసుకుందాం. మాజ్దా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో లోకానికి పరిచయమయింది. 1600 సీసీ ఇంజను, అమెరికా లెక్కలో 116 గుర్రాల శక్తి, టన్నుకు లోపు బరువు. గుర్రమూ రౌతూ ఒకే ప్రాణంగా సాగాలన్నది దాన్ని రూపొందించిన జపాను ఇంజనీర్ల ఆదర్శం. "జిన్బా ఇట్టాయ్" అని దానికో పేరు కూడా పెట్టుకున్నారు. డాలస్ చుట్టుపక్కలున్న మా తెలుగువాళ్ళ గుంపులో ఇవి మూడున్నాయి. ఒకటి నాది. ఏసీతో సహా నాది.

తొలి మియాటాలో ఏసీ అదనపు సొమ్ము చెల్లించి తీసుకోవలసిన సదుపాయంగా ఉండేది. పూర్వపక్షం ఇక్కడే మొదలవుతుంది. "గురువుగారూ, అసలు రూపంలో లేనిదాన్నే కదండీ తీసేస్తున్నాం? కారును దాని స్వరూపానికి చేరుస్తున్నాం" అంటాడు మా గుంపులోని ఒక తమ్ముడు. వినడానికి అద్వైతంలా ఉంటుంది గానీ, నిలబడదు. ఏసీతో అమ్ముడైన కారులో కంప్రెసరు ఒంటరిగా ఉండదు. రేడియేటరు ముందు కండెన్సరు, వెనుక రెండో ఫ్యాను, డాష్‌బోర్డు లోపల ఎవాపరేటరు, పవర్ స్టీరింగు పంపుతో కలిసి పంచుకునే బెల్టు, ఏసీ వేసినప్పుడు ఇంజను వేగం పడిపోకుండా సర్దే ఏర్పాటు, ఇదంతా ఒక కుటుంబం. పెద్దను గెంటేసి మిగిలినవారిని వీధిన పడేస్తే దానికి స్వరూపసాక్షాత్కారమని పేరు పెట్టడం భాషకు కూడా అన్యాయమే.

ఇక బరువు సంగతి. కంప్రెసరు, కండెన్సరు, గొట్టాలు, బ్రాకెట్లు అన్నీ కలిపినా ఒక మోస్తరు మనిషి బరువులో సగం దాటదు. తొలి మియాటా ట్యాంకులో 45 లీటర్ల పెట్రోలు పడుతుంది. లీటరు బరువు ముప్పావు కిలోకు కొంచెం అటూ ఇటూ కాబట్టి, నిండు ట్యాంకుకూ ఖాళీ ట్యాంకుకూ తేడా సుమారు 33 కిలోలు. కారు చురుకుదనం కోసం ప్రాణాలిచ్చే ఈ మహానుభావుల్లో ఒక్కరైనా ఆదివారం ఉదయం సగం ట్యాంకుతో బయలుదేరారా? నేను చూడలేదు. సొంత నడుము చుట్టుకొలత గురించి నేనిక్కడ ప్రస్తావించను. ఆ విషయంలో నాకూ మాట్లాడే అర్హత తక్కువే.

"ఇంజను శక్తిని తినేస్తుంది" అన్నది రెండో ఆరోపణ. కంప్రెసరు ముందుభాగాన విద్యుదయస్కాంతపు క్లచ్ ఒకటి ఉంటుంది. ఏసీ మీట ఆపి ఉన్నంతసేపూ బెల్టు తిప్పేది ఒట్టి కప్పీనే. లోపలి పిస్టన్లు గానీ వేన్లు గానీ కదలవు. అప్పుడు ఖర్చయ్యేది ఒక బేరింగు ఒరిపిడి మాత్రమే. మీట వేస్తే కొన్ని గుర్రాల శక్తి పోతుంది, కాదనను. 116లో అది తెలిసేంత తేడానే. కానీ శక్తి కావలసిన చోట మీట ఆపేయడానికి ఒక వేలు చాలు, పానాలు అక్కరలేదు. చాలా కార్లలో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే కంప్యూటరే కాసేపు ఆ క్లచ్‌ను వదిలేస్తుంది కూడా. కండెన్సరు తీస్తే రేడియేటరుకు గాలి బాగా ఆడుతుందన్నది వారి మూడో మాట. అది నిజమే. అయితే ఆ ఊపులో రెండో ఫ్యానును కూడా పీకేసి, జూలైలో ట్రాఫిక్కులో ఇంజను ముల్లు పైకి పోతోందని విలపించేవారూ వారే.

తేలికదనమే పరమార్థమైతే ఫెరారీ ఎఫ్40 వైపు ఒకసారి చూడండి. 1987లో వచ్చింది, ఎంజో ఫెరారీ కన్నుమూయక ముందు ఆయన ఆమోదం పొందిన ఆఖరి కారు. బరువు తగ్గించడం కోసం అందులో తివాచీలు తీసేశారు, రేడియో లేదు, తలుపు తెరవడానికి లోపల పిడి బదులు ఒక తీగ వేలాడదీశారు. ఏసీని మాత్రం ఉంచారు. మొహమాటంతో కాదు; ఆ ఇంజను వేడికి లోపల మనిషి ఉడికిపోతే కారు నడిపేదెవరు? దీనికి విరుద్ధంగా హోండా 1992లో ఎన్‌ఎస్‌ఎక్స్-ఆర్ నుంచి ఏసీని తీసేసిందని మిత్రులు గుర్తుచేస్తారు. నిజమే. ఏసీతో పాటు శబ్దనిరోధక పొరలు, ఆడియో, స్పేరు చక్రం కూడా తీసి, మొత్తం మీద 120 కిలోల దాకా తగ్గించి, సస్పెన్షన్‌ను ఆ బరువుకు తగినట్టు మళ్ళీ కుదిర్చారు. అది సంపూర్ణమైన రచన. మనవాళ్ళది పక్కవాడి కావ్యంలో ఒక పేజీ చింపి, సంక్షిప్త ప్రతి అని అచ్చు వేయించడం వంటిది.

ఇంతవరకూ చెప్పింది ఎవరి కారు వారిష్టం అని కొట్టిపారేయవచ్చు. కారు మీది, పానా మీది, ఆదివారం మీది. కానీ ఆ గొట్టాల్లో ఉన్న వాయువు మీది కాదు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

తొలి మియాటాల్లో ఉన్నది ఆర్-12. క్లోరిన్ ఉన్న వాయువు. అది ఓజోను పొరను తినేస్తుందని మొలీనా, రోలండ్ 1974లోనే హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను పలచబడిందని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1995తో అమెరికాలో దాని తయారీ ఆగిపోయింది. ఆకాశంలోకి చేరిన ఆర్-12 దాదాపు నూరేళ్ళు అక్కడే ఉంటుంది. ఓజోను సంగతి అటుంచితే, నూరేళ్ళ లెక్కన భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు పదివేల రెట్లు. కారులో ముప్పావు కిలో ఉందనుకుందాం. దాన్ని గాలిలోకి వదిలితే ఏడు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వదిలినట్టు. అంటే మూడు వేల లీటర్ల పెట్రోలు మండించినంత. ముప్ఫై కిలోలు తగ్గించి ఆదా చేసే పెట్రోలుతో ఆ బాకీ ఈ జన్మలో తీరదు.

ఈ ఊళ్ళోనే ఒక గ్యారేజీలో, పేరు అనవసరం, "గొట్టం నట్టు కాస్త వదులు చేసి రాత్రంతా ఉంచండి, పొద్దుటికి దానంతటదే పోతుంది" అని నాకు సలహా ఇచ్చారు. చల్లగా, నవ్వుతూ ఇచ్చారు. తెలిసి తెలిసి అలా వదలడం అమెరికాలో 1992 జూలై నుంచి చట్టవిరుద్ధం. తరువాత వచ్చిన ఆర్-134ఎ కి ఓజోనుతో పేచీ లేదు గానీ, వేడి విషయంలో అదీ వెయ్యి రెట్ల పైమాటే, 1995 నవంబరు నుంచి దాన్ని వదలడమూ నేరమే. "మా కారులో గ్యాసు ఎప్పుడో కారిపోయింది లెండి" అనేవారు మరికొందరు. ఏసీ చల్లగా రావడం లేదంటే ఖాళీ అయిందని అర్థం కాదు. లోపల కొంత గ్యాసు మిగిలి ఉన్నా పీడనం చాలక క్లచ్ పట్టకపోవచ్చు. గేజి పెట్టి చూడకుండా ఖాళీ అని తీర్పు చెప్పడానికి వీరికి దివ్యదృష్టి ఎవరిచ్చారో!

ఎండ గురించి కూడా ఒక మాట. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళలో పెరిగినవాళ్ళం, మనకీ ఎండ ఒక లెక్కా అని మీసం తిప్పుతారు. 1980లో డాలస్‌లో వరుసగా 42 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 100 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గలేదు. ఆ ఎండలో నల్లటి గుడ్డటాపు కింద కూర్చునేది ఈయన ఒక్కడే కాదు. పక్కసీట్లో భార్య ఉంటుంది, ఇండియా నుంచి వచ్చిన తల్లి ఉంటుంది. మా గుంపులోని ఒక కారులో నిరుడు ఆగస్టు నుంచి ఆ ఇంటి ఇల్లాలు ఎక్కడం మానేసింది. ఆవిడ అభిప్రాయాన్ని త్రాసు మీద ఎవరూ తూచలేదు. వానలో టాపు వేసుకున్నప్పుడు అద్దం మీది ఆవిరిని ఆరబెట్టేది కూడా ఆ ఏసీయే. చెమ్మగిల్లిన అద్దాన్ని ఎడమచేత్తో తుడుస్తూ కుడిచేత్తో మలుపు తిప్పడాన్ని రౌతుకూ గుర్రానికీ అభేదమని నేననుకోలేను.

కేవలం పందేల కోసం వాడే కారయినా, బిగుసుకుపోయిన కంప్రెసరుకు బదులు దొరకని పరిస్థితి అయినా నాకు పేచీ లేదు. తీయండి. కానీ ముందు, సర్టిఫికెట్టు ఉన్న మెకానిక్కు దగ్గర గ్యాసును యంత్రంతో సేకరింపజేయండి. గొట్టాల నోళ్ళు అదే గంటలో బిరడాలతో మూయండి. లోపలి నూనె, డ్రయ్యరు గాలిలోని తేమను పీల్చుకుంటే మళ్ళీ పనికిరావు. పవర్ స్టీరింగు ఉన్న కారయితే పొట్టి బెల్టు కొనండి. రెండో ఫ్యాను జోలికి పోకండి. కంప్రెసరు, బ్రాకెట్టు, బోల్టులు ఒకే పెట్టెలో పెట్టి, పైన కారు సంవత్సరం రాసి అటక మీద పెట్టండి, తరువాత కొనేవాడికి కారుతో పాటు ఇవ్వండి. ఫోటో తీసుకోవాలని ఉంటే ఆ పెట్టెను తీయండి. మా తమ్ముడి కంప్రెసరు ఇంకా కారులోనే ఉంది, వచ్చే శనివారం ముహూర్తమట. ఈ టపా లంకె అతనికి పంపాను.