ఎడారి గుడారమున ఉన్ని అల్లిక

ఎడారి విడిదికి ఉన్నియుండలను, అల్లిక సూదులను గొనిపోవుట అసంబద్ధమని తలచువారు, కాలిఫోర్నియాలో 1994లో జాతీయోద్యానమైన జాషువా ట్రీ ప్రాంతమున శీతకాలపు రాత్రి యొక్కటియైనను గడపినవారు కారని నా నిశ్చయము. గాలిలో తేమయు, పైన మేఘాచ్ఛాదనమును లేమిచే, పగటి వేడిమినంతయు నేల సూర్యాస్తమయానంతరము ఆకాశమునకు విడిచివేయగా, మధ్యాహ్నమున చొక్కాయే బరువనిపించిన ఆ శిలల నడుమనే తెల్లవారుజామునకు నీరు గడ్డకట్టు చలి దిగును. అట్టివేళ, పగలంతయు గుడారపు నీడలో అల్లిన మఫ్లరును మెడకు చుట్టుకొనుటకన్న ప్రత్యక్షమైన ఫలమును వేరొక వ్యాసంగమున నేనెరుగను. లోహపు సూదులు ఎండకు చుఱ్ఱుమనును గనుక వెదురువే మేలు. ఉన్నియుండ సంచి దాటి దొర్లకుండ చూచుకొనవలెను. ఏలయన అచ్చటి చోయా యను జెముడుజాతి మొక్కల ముండ్లకు కంటికానని వెనుకకొక్కెములుండుటచే, వానికి చిక్కిన పోగును విడదీయుటకన్న త్రెంచివేయుటయే సుకరము. అన్నిటికన్న నాకు ప్రియమైనది అచ్చటి సాయంకాలము: గాలిసద్దు తప్ప మఱి యే ధ్వనియు చెవి సోకని ఆ ప్రశాంతతలో, వరుస వెంట వరుసగా, వ్రేళ్ళకే తప్ప కన్నులకు పోగు తెలియరానంత చీకటి పడువరకు అల్లుచు కూర్చుందును, పిమ్మట సూదులు సంచిలో నుంచి తలయెత్తినచో, ఆకసమంతయు నక్షత్రములు.