తోడు పరుగు

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఒక కఠినమైన దారి ఉంది. 24 గంటల్లో 42 శిఖరాలెక్కి, సుమారు 106 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన కెస్విక్ ఊరికే చేరాలి. 1932లో బాబ్ గ్రాహం అలా చేరాడు.

ఇది ఒంటరివాళ్ల సాహసం అనుకుంటాం. కాదు. ఈ దారిని ఐదు భాగాలు చేసుకుంటారు. మామూలుగా భాగం మారితే తోడు మారుతుంది. తోడొచ్చినవాళ్లు నీళ్లు, తిండి మోస్తారు. ప్రతి శిఖరం దగ్గరా సాక్షులవుతారు.

బదిలీలతో ఊళ్లు తిరిగే మనమూ అంతే. ఎలాగూ వెళ్లిపోతాం, స్నేహాలెందుకని కొత్త బడిలో ముడుచుకుని కూర్చుంటాం. అది తప్పు. కొంత దూరమే వచ్చినా తోడు తోడే. ఈసారి కొత్తగా వచ్చినవాళ్లకు మన బెంచీలో చోటిద్దాం.